ప్రోగ్రాం రద్దయిందా? ఈ సాయంత్రం ఒక పాత తెలుగు పుట దిద్దేద్దాం

నమస్కారమండీ. వాన చప్పుడు మైకులోకి వస్తోందేమో, వస్తే కాస్త సర్దుకోండి. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు కదా, సభలు, ఎగ్జిబిషన్లు, మండపాల దగ్గర పాటకచేరీలు అన్నీ రద్దు. 2020లో అయితే వాన కూడా అక్కర్లేకపోయింది. మార్చి 29న మొదలవ్వాల్సిన ఐపీఎల్ సెప్టెంబరుకి వెళ్ళిపోయింది, భద్రాచలంలో రాములవారి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. సరే, అలా చేతికొచ్చిన రెండు గంటలు ఫోను తిప్పుతూ కూర్చుంటే ఎటు పోయాయో తెలీదు. కొత్త భాష నేర్చేసుకుందాం, ఇల్లంతా సర్దేద్దాం అని పెద్ద పెద్ద ప్లాన్లు కూడా వద్దు, అవి సగంలో ఆగుతాయి. ఒక్క పుట. పాత తెలుగు పుస్తకంలో ఒకే ఒక్క పుట దిద్దుదాం. అంతే ఇవాళ్టి వీడియో.

ఇదిగో, తెలుగు వికీసోర్స్. కాపీరైటు తీరిపోయిన పుస్తకాలు ఇక్కడ స్కాన్ల నుంచి అక్షరాల్లోకి మారుతుంటాయి. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళు లెక్క. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు కాబట్టి వాళ్ళ రచనల మీద ఇప్పుడు హక్కు ఎవరికీ లేదు. అకౌంటు చేసుకోండి, పేరు, పాస్‌వర్డు, అయిపోయింది. ఈమెయిలు ఇవ్వకపోయినా పర్లేదు గానీ ఇవ్వండి, పాస్‌వర్డు మర్చిపోతే అదే దిక్కు. లాగిన్ అవ్వండి. లాగిన్ లేకపోతే పుట రంగు మార్చనివ్వదు, రంగుల సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు మనం ఎంచుకున్న పుస్తకం సూచిక పేజీ. ఈ అంకెలన్నీ పుస్తకంలో పుటలు. ఒకటి నొక్కండి. ఎరుపు ఉన్నది, అంటే ఇంకా దిద్దనిది, చూసుకోండి. సవరించు. ఇదిగో, ఒక పక్క స్కాను, ఒక పక్క డబ్బా. డబ్బా ఖాళీగా ఉంటే పైన ఓసీఆర్ బటన్ ఉంది, నొక్కండి, బొమ్మలోంచి అక్షరాలు లాగేస్తుంది. పక్కన బాణం నొక్కితే ఏ ఓసీఆర్ ప్రోగ్రాం కావాలి, గూగుల్‌దా, టెస్సరాక్టా అని అడుగుతుంది. తెలుగుకి నేను గూగుల్‌దే పెట్టుకుంటాను. వచ్చేసింది. చూశారా, చాలావరకు బాగానే ఉంది.

పుస్తకం పేరు, పేజీ నంబరు పైన వస్తాయి చూడండి, అవి ఇక్కడ ఉండకూడదు. కట్ చేసి పైనున్న శీర్షిక డబ్బాలో పెట్టండి. లేకపోతే రేపు పుస్తకం మొత్తం కలిపి చూపించేటప్పుడు వాక్యం మధ్యలో 'యాభై మూడు' అని ఊడిపడుతుంది.

ఇక ఇక్కడ ఆగుదాం. ఇది ఒక్కటి నిదానంగా చూడండి, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. లైన్ల చివర. ఈ లైను చూడండి, 'వెళ్ళు' అని ఆగింది. కింది లైను 'చుండెను' అని మొదలైంది. రెండూ కలిపి ఒకటే మాట, 'వెళ్ళుచుండెను'. పాత అచ్చులో గీత కూడా పెట్టకుండా, చోటు ఎక్కడ అయిపోతే అక్కడ మాటని విరిచేసేవాళ్ళు. చదివేవాళ్ళకి ఇబ్బంది లేదు, కన్ను కలిపేసుకుంటుంది. వికీ కలపదు. ఎంటర్ ఉన్నచోట ఒక ఖాళీ వేస్తుంది. అప్పుడది 'వెళ్ళు', ఖాళీ, 'చుండెను'. రేపు ఎవరైనా ఆ మాట కోసం వెతికితే దొరకదు.

అందుకని ఏం చేస్తామంటే, ఎండ్ బటన్, డిలీట్ బటన్. మళ్ళీ చూపిస్తాను. కర్సరు ఈ లైనులో పెట్టాను. ఎండ్. డిలీట్. కింది లైను పైకొచ్చి అతుక్కుంది. మాట విరిగి ఉంటే అలాగే వదిలెయ్యండి, మాట అక్కడితో పూర్తయి ఉంటే ఒక స్పేసు కొట్టండి. మొత్తం లైన్లన్నీ ఒకేసారి కలిపేసే కిటుకులు ఉన్నాయి, అడుగుతారని తెలుసు. వాటికి విరిగిన మాటకీ పూర్తయిన మాటకీ తేడా తెలీదండీ, అందుకే నేను వాడను. తేడా మీకెలా తెలుస్తుందంటే, పైకి చదవండి. నిజంగా, గట్టిగా. పాత గ్రాంథికం కంటికి తికమకగా ఉంటుంది గానీ చెవికి ఇట్టే తెలిసిపోతుంది. పుట చివర మాట విరిగితే మాత్రం అక్కడ చిన్న అడ్డగీత పెట్టండి, తర్వాతి పుటతో అదే కలుపుకుంటుంది.

ఆఁ, పద్యాలు! పద్యాలకి ఇదంతా తిరగేసి. అక్కడ లైన్లు కలపకూడదు. పద్యం ముందు <poem>, వెనక </poem> అని ఇలా పోయెమ్ ట్యాగు పెడితే పాదాలు పాదాలుగానే నిలబడతాయి.

తర్వాత సున్నాలు. ఓసీఆర్ ఒక్కోసారి అక్షరం పక్కన సున్నకి బదులు అంకె సున్నా వేస్తుంది. కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతకండి, అన్నీ ఒకేసారి మార్చెయ్యకండి. 1910 కాస్తా పందొమ్మిది వందల పది కాకుండా పోతుంది. అరసున్నలూ, బండి ఱలూ అచ్చులో ఎలా ఉంటే అలాగే ఉంచాలి. ఇప్పటి తెలుగులోకి మార్చే పని మనది కాదు, 'వాఁడు' అంటే 'వాఁడు'. టైపు చెయ్యడం ఎలా అంటారా, నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక వాడతాను. ఎక్స్ కొడితే సున్న, షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ కొడితే అరసున్న. జె కొడితే ర, షిఫ్ట్ జె కొడితే బండి ఱ. మొదటి వారం చిరాకు పుడుతుంది, తర్వాత ఇంక వేరే కీబోర్డు ముట్టుకోరు. మీకు అలవాటైనది ఉంటే అదే వాడండి, దాని మీద గొడవ వద్దు.

చివరగా కింద రంగు గుండీలు. ఎరుపు అంటే ఇంకా దిద్దలేదు, పసుపు అంటే ఒకరు దిద్దారు, ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా చూసి సరే అన్నారు. బూడిద రంగు ఖాళీ పుటలకి. స్కాను చిరిగిపోయి చదవలేకపోతే దానికీ వేరే గుండీ ఉంది, ఊహించి రాయకండి, అది పెట్టండి. నేను పసుపు పెడుతున్నాను. ప్రచురించు. కరెంటు పోకముందే నొక్కండి, వానాకాలం.

అయిపోయింది. ఈ పుటని ఆకుపచ్చ చెయ్యాలంటే నా వల్ల కాదు, దిద్దినవాళ్ళకి ఆ గుండీ కనపడనే కనపడదు. పుట లింకు కింద పెట్టాను. ముందు వెళ్ళినవాళ్ళు ఒకసారి చదివి, తప్పులుంటే సరిచేసి ఆకుపచ్చ పెట్టండి. మూడో పేరాలో ఒక మాట నాకు ధా థా అన్నది సరిగ్గా ఆనలేదు, అక్కడ స్కానుని పెద్దది చేసుకుని చూడండి.