సోడా, వెనిగర్ కలిపితే మిగిలేది నురగే

(శనివారం మధ్యాహ్నం లైవ్ ఫోన్-ఇన్. రికార్డింగ్ విని రాసింది. లైన్ సరిగా లేక మాట వినిపించని చోట్ల వదిలేశాం.)

యాంకర్: నమస్కారం అండీ, భోజనాలయ్యాయా? ఈ రోజు ఇంటి ఖర్చు గురించి. ఇల్లు తుడిచేవి, గిన్నెలు తోమేవి ఇంట్లోనే చేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా, వంట ముందే చేసి పెట్టుకుంటే ఏది నిలుస్తుంది, ఏది పాడవుతుంది, ఇవన్నీ అడగొచ్చు. మన మేడం చాలా ఏళ్లు హోం సైన్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఒంగోల్లో ఉంటారు. మేడం, ముందు మీరు రెండు మాటలు...

మేడం: ఫోన్లు తీసుకోమ్మా. నేను మొదలుపెడితే బడి గంట కొట్టేదాకా ఆపను.

కావలి నుంచి: నమస్తే మేడం, మాది కావలి. ఫోన్లో వీడియో చూసి వంట సోడా, వెనిగర్ కలిపి సీసాలో పోసి పెట్టుకున్నాను. కలిపేటప్పుడు బుస్సుమని పొంగింది, అబ్బో ఇది గట్టిదే అనుకున్నా. తీరా చూస్తే స్టవ్ మీద జిడ్డూ పోలేదు, కుళాయి మీద తెల్ల మరకా పోలేదు. కొలతలు తప్పు వేశానా?

మేడం: కొలతలు సరిగ్గా వేశావు, అందుకే పోలేదు. (నవ్వు) సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ పొంగంతా కార్బన్ డయాక్సైడ్, గోలీ సోడాలో ఉండే గ్యాసే. పొంగు అణిగాక సీసాలో మిగిలింది నీళ్లు, సోడియం ఎసిటేట్ అనే ఒక ఉప్పు, అంతే. డబ్బు పెట్టి ఉప్పు నీళ్లు చేసుకున్నావు తల్లీ, మన వైపు బోరు వేస్తే ఊరికే వచ్చేవి.

కావలి నుంచి: అయ్యో! రెండు సీసాలు చేశా మేడం, ఒకటి మా అక్కకి కూడా ఇచ్చా.

మేడం: ఇచ్చినా ప్రమాదం ఏం లేదులే. రెండింటినీ విడివిడిగా వాడు. జిడ్డుకి సోడా. వేడి నీళ్లతో ముద్దలా చేసి పూసి, పావుగంట వదిలేసి, పీచుతో రుద్దు. కుళాయి మీద తెల్ల మరక ఉప్పు నీళ్లలో ఉండే సున్నం, దానికి పులుపు కావాలి. వెనిగర్ కూడా అక్కర్లేదు, కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడుగు, గ్లాసు వేడి నీళ్లలో ఒక చెంచా కలిపి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచి కడిగేయ్. అవునూ, మీ వంటగట్టు ఏ రాయి?

కావలి నుంచి: కడప రాయి మేడం.

మేడం: అయితే దాని మీద ఆ నీళ్లు చుక్క కూడా పడనివ్వకు. కడప రాయి సున్నపురాయి జాతి. కుళాయి మీద సున్నం ఎట్టా కరుగుతుందో గట్టూ అట్టాగే కరుగుతుంది, మచ్చలు పడి మెరుపు పోతుంది. మార్బులూ అంతే. చీమకుర్తి గ్రానైట్ అయితే అంత భయం లేదు.

యాంకర్: పొదలకూరు నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

పొదలకూరు నుంచి: అమ్మా, నమస్కారం. మాకు నిమ్మతోట ఉంది. రేటు పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదు, కాయలు చెట్ల కిందే పోతాయి. మా పిల్ల చెప్పింది, బెల్లం వేసి పులియబెడితే ఇల్లు తుడిచే నీళ్లు అవుతాయని, బయో ఎంజైమో ఏదో. సరే అని గాజు సీసా నిండా కూరి, గట్టిగా మూతేసి, వంటింట్లో అటక మీద పెట్టాను. ఎనిమిదో రోజు రాత్రి ఢమ్మని పేలింది! గోడకంతా బెల్లం నీళ్లు, పొద్దున లేచేసరికి ఊళ్లో చీమలన్నీ మా ఇంట్లోనే. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

మేడం: మాట్లాడకపోతేనేం నాయనా, గాజు పెంకు ఎవరికీ గుచ్చుకోలేదు, సంతోషించు. పులిసేది ఏదైనా గ్యాస్ వదుల్తుంది, దానికి దారి ఉండాలి. ఈసారి ప్లాస్టిక్ డబ్బా తీసుకో. లెక్క ఒకటి, మూడు, పది. 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల నిమ్మ తొక్కలు, లీటరు నీళ్లు. డబ్బాలో పావు భాగం ఖాళీ వదిలేయ్. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి, గ్యాస్ పోయాక బిగించు. ఆ తర్వాత అప్పుడప్పుడూ చాలు. మొత్తం మూడు నెలలు పడుతుంది. వడగట్టి అర బకెట్ నీళ్లకి ఒక టీ గ్లాసు కలిపి తుడుచుకో. బూజు పట్టిన కాయలు మాత్రం వేయకు.

పొదలకూరు నుంచి: బెల్లం మంచిదే కావాలా అమ్మా?

మేడం: నల్ల బెల్లం చాలు, పాయసానికి కాదుగా. ఇంకోటి, అది మురికి, వాసన పోగొడుతుంది, రోగం వచ్చిన ఇంట్లో క్రిములు చంపడానికి దాని మీద ఆధారపడొద్దు. అది కూడా పులుపే, కాబట్టి ఇందాక చెప్పానే, కడప రాతి నేల మీద వద్దు. మీకు తొక్కలు ఊరికే వస్తాయి కాబట్టి గిట్టుబాటు. టౌన్లో నిమ్మకాయలు కొని ఇది చేసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

దర్శి నుంచి: అక్కా, నమస్తే. ఆ నవ్వొచ్చేవాళ్లలో నేనూ ఉన్నా. ఈ నెల నుంచి అన్నీ ఇంట్లోనే చేద్దామని వెనిగర్, సోడా, స్ప్రే సీసాలు, వాసనకి లావెండర్ నూనె, పోసి పెట్టుకోవడానికి గాజు జాడీలు కొన్నా. మొత్తం 1,150 అయింది. మా ఆయన ఆ బిల్లు ఫ్రిజ్ మీద అంటించాడు.

మేడం: (నవ్వు) అంతకు ముందు నెలకి ఎంతయ్యేది?

దర్శి నుంచి: గిన్నెల సబ్బు, ఫినాయిల్, బాత్రూంది, అద్దాలది, టైల్స్‌ది, అన్నీ కలిపి 550 దాకా.

మేడం: అద్దాలకి ఒకటి, టైల్స్‌కి ఒకటి, సింకుకి ఒకటి ఎవరు కొనమన్నారు? గిన్నెల సబ్బు, సోడా, నిమ్మ ఉప్పు, చిన్న ఫినాయిల్, ఇవి నాలుగూ ఉంటే ఇల్లు గడిచిపోతుంది. అద్దాలకి ఒట్టి నీళ్లు, పాత పేపరు చాలు. అట్టా చేస్తే నెలకి 250, 300 మిగలొచ్చు. సరే, ఇది చెప్పు, బయట టిఫిన్ ఎన్నిసార్లు తెస్తారు?

దర్శి నుంచి: వారానికి మూడుసార్లు అక్కా. పొద్దున పిల్లల బస్సు హడావుడిలో కుదరదు. నలుగురికి 160 అవుతుంది.

మేడం: మూడు సార్లు 480, నాలుగు వారాలకి 1,920. ఫ్రిజ్‌లో దోసెల పిండి, సీసాలో కందిపొడి ఉంటే ఇందులో సగానికి పైగా ఆగిపోతుంది. లావెండర్ నూనె దగ్గర పొదుపు వెతుక్కుంటూ కూర్చున్నావు, డబ్బంతా టిఫిన్ బండి దగ్గర పోతోంది. టిఫిన్ బండి వాళ్లు నన్ను తిట్టుకోకండి నాయనా, నేనూ తింటా, నెల్లూరు కారం దోసె అయితే అసలు వదలను. ఎప్పుడో ఒకసారి తినడం వేరు, పిండి లేక తెచ్చుకోవడం వేరు.

సింగరాయకొండ నుంచి: మేడం, నాది చిన్న ప్రశ్న. బాత్రూం నేల తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే టాయిలెట్ కడిగే యాసిడ్ పోశా. ఒక్కసారిగా ఘాటు కొట్టి దగ్గు ఆగలేదు, కళ్లు మండాయి. నా ఒంటికి పడలేదా, లేక...

మేడం: ఆగమ్మా, ఆగు. ఇది చిన్న ప్రశ్న కాదు. ఎవరి ఒంటికీ పడదు అది. బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఊపిరితిత్తులు పాడు చేసే విషం అది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన గ్యాస్ అదే. తలుపేసుకుని చిన్న బాత్రూంలో చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వినేవాళ్లందరికీ చెప్తున్నా, బ్లీచింగ్‌ని దేనితోనూ కలపొద్దు, యాసిడ్‌తో వద్దు, వెనిగర్, నిమ్మ ఉప్పుతో వద్దు, అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తో కూడా వద్దు. ఒక రోజు ఒకటే వాడండి, నీళ్లు బాగా కొట్టండి. పొరపాటున ఘాటు వస్తే నేల కడుగుదామని లోపలే ఉండకుండా వెంటనే బయటి గాలికి వచ్చేయాలి. ఇది ఎప్పుడు జరిగింది? ఇప్పుడు దగ్గు ఉందా?

సింగరాయకొండ నుంచి: మొన్న మేడం. కొంచెం ఉంది, రాత్రిళ్లు.

మేడం: అయితే ఈ సాయంత్రమే డాక్టర్‌కి చూపించుకో. ఏమేం కలిపావో దాచకుండా చెప్పు.

యాంకర్: తప్పకుండా వెళ్లండమ్మా. తర్వాత నెల్లూరు నుంచి.

నెల్లూరు నుంచి: నమస్తే అమ్మా. నేను ప్రైవేట్ ఆస్పత్రిలో నర్సుని, నైట్ డ్యూటీలు ఎక్కువ. ఆదివారం నాలుగు రోజులకి సరిపడా వండి పెట్టుకుందామని చూస్తే సాంబారు బుధవారానికే పులిసిపోతోంది, అన్నం వాసన వస్తోంది. మా అత్తమ్మేమో చేపల పులుసు మట్టి దాకలో స్టవ్ మీదే రాత్రంతా ఉంచి, పొద్దున తింటేనే రుచి అంటుంది. ఏది వినాలి?

మేడం: నెల్లూరు వాళ్లకి చేపల పులుసు సంగతి నేను చెప్తే ఊరుకుంటారా! రుచి విషయంలో మీ అత్తమ్మ మాటే నిజం, చింతపండు, మామిడికాయ పులుపు, కారం ముక్కకి పట్టడానికి ఒక పూట కావాలి. ఆ పులుపే కొంత కాపాడుతుంది కూడా. కానీ మన ఎండాకాలం సంగతి తెలుసుగా, రాత్రి పదింటికి కూడా వంటిల్లు పొయ్యిలాగే ఉంటుంది. ఆవిరి పోయాక ఫ్రిజ్‌లో పెట్టినా పొద్దుటికి ముక్కకి పులుపు పడుతుంది, అత్తమ్మకి ఆ తేడా తెలీదు. ఏ వంటయినా దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి, మే నెలలో గంటలోపే. పెద్ద గిన్నెతో అట్టాగే తోస్తే నడుమ చల్లబడదు, మీ సాంబారు అందుకే పులిసి ఉంటుంది. చిన్న చిన్న స్టీలు డబ్బాల్లో సర్దు, ఏ పూటకి ఆ డబ్బా తియ్యి, సలసలా మరగనివ్వు, మిగిలితే మళ్లీ లోపల పెట్టకు. మూడు రోజులు, అంతకు మించి వద్దు.

నెల్లూరు నుంచి: అన్నం?

మేడం: అన్నం ముందే వండుకోవడం నాకు ఇష్టం లేదు, కుక్కర్లో ఇరవై నిమిషాల పని. బియ్యంలో ఉండే ఒక బాక్టీరియా ఉడికించినా చావదు, విత్తనంలా ముడుచుకుని ఉండి, అన్నం గోరువెచ్చగా బయట ఉంటే మళ్లీ లేస్తుంది. అది వదిలే విషం వేడి చేసినా పోదు.

నెల్లూరు నుంచి: మరి మా తాతలు చద్దన్నం తినే పొలం పోయారుగా అమ్మా?

మేడం: (నవ్వు) ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. చద్దన్నం వదిలేసిన అన్నం కాదు కదా. నీళ్లు పోసి, మజ్జిగ కలిపి, పులవబెట్టి, తెల్లారగానే తినేస్తారు. ఆ పులుపులో మిగతా బాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. మూడు రోజులు దాచుకుని తిన్నవాళ్లు ఎవరూ లేరు. నువ్వు కూరలు వండి దాచే బదులు, కూరకి ముందు పని చేసి దాచుకో. చింతపండు ఉడికించి తీసిన గుజ్జు, పోపు పెట్టిన పులిహోర పులుసు, ఉల్లిపాయ టమాటా వేయించిన ముద్ద, ఇవుంటే డ్యూటీ నుంచి వచ్చాక పావుగంటలో కూరయిపోతుంది. దోసెల పిండి పొంగాక ఫ్రిజ్‌లో పెట్టి, ఉప్పు మొత్తానికి కాకుండా ఏ పూటకి తీసిన దానికే వేసుకో, మూడు నాలుగు రోజులు పుల్లబడకుండా వస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద ఎక్కడ పెడతావు?

నెల్లూరు నుంచి: నూనె పోసి సీసాలో, గట్టు మీదే.

మేడం: అదొద్దు. నూనె కింద గాలి తగలదు, గాలి లేని చోటే పెరిగే ప్రమాదకరమైన బాక్టీరియా ఉంది, దాని విషం వల్ల వచ్చే జబ్బుని బొట్యులిజం అంటారు, నువ్వు చదివే ఉంటావు. వాసన తేడా రాదు, చూస్తే తెలీదు. ఆవకాయకైతే ఉప్పు, పులుపు దండిగా ఉంటాయి, ఈ ముద్దకి అవి లేవు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, లేదా ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించి పూటకో ముక్క తీసుకో.

చీమకుర్తి నుంచి: మేడం, నేను గ్రానైట్ పాలిష్ పని చేస్తా. ఇందాక మా రాయికి పులుపు భయం లేదన్నారు. ఒకసారి రెండుసార్లు అయితే ఏం కాదు కానీ, రోజూ నిమ్మకాయతో రుద్దితే ఎంత గెలాక్సీ రాయైనా పైన మెరుపు తగ్గుద్ది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు, పొడి గుడ్డ, అంతే చాలు.

మేడం: మంచిది నాయనా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. చేత్తో పనిచేసేవాళ్లు చెప్పిందే ఖాయం. మీ ఇంట్లో గట్టు ఏం రాయి?

చీమకుర్తి నుంచి: కడప రాయే మేడం. (నవ్వులు)

యాంకర్: రెండే నిమిషాలు ఉన్నాయి. బుచ్చి నుంచి, త్వరగా చెప్పండమ్మా.

బుచ్చి నుంచి: అమ్మాయ్, నాకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ పట్టు చీరలకి, బంగారానికి కుంకుడు రసమే. మీ ఉప్పు నీళ్లలో సబ్బు విరిగిపోయినా అది విరగదు. రాత్రి నానేసి పొద్దున కాచి వడగట్టడమే. కళ్లలో పడితే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

మేడం: నిజం అత్తా. పూటకి కావలసినంతే చేసుకోండి, రెండు రోజులుంటే వాసన వస్తుంది.

బుచ్చి నుంచి: అది నాకు తెలుసులే, నేను ఫోన్ చేసింది దానికి కాదు. ఇందాక కందిపొడి అన్నావు, కొలత చెప్పకుండా పోతావా? నా కోడలు పక్కన పేపరు పట్టుకుని కూర్చుంది.

మేడం: రాసుకోమనండి. కందిపప్పు ఒక గ్లాసు, పుట్నాలు అర గ్లాసు, ఎండు మిరపకాయలు పది పన్నెండు, జీలకర్ర ఒక చెంచా. కందిపప్పు సన్న సెగ మీద ఎర్రగా, తొందరపడకుండా వేయించాలి, పచ్చి మిగిలితే కడుపు ఉబ్బరం. పూర్తిగా చల్లారాక ఉప్పు వేసి మిక్సీ పట్టి...

యాంకర్: మేడం, టైం అయిపోయింది...

బుచ్చి నుంచి: వెల్లుల్లి ఎన్ని?

మేడం: ఆరు రెబ్బలు, చివర్లో ఒక తిప్పు. తడి చెంచా పెట్టొద్దని కోడలికి కాదు, మనవళ్లకి చెప్పండి.