మా బాపు కట్టిచ్చిన ట్రాలీకి కొత్త హబ్బు కిట్టు: సీలు సూపర్, కాయితం మీదనే నాకు కోపం

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ముందుగాల ఒక మాట. ఈ కిట్టు, అంటే చక్రం నడుమ ఉండే హబ్బుకు ఏసే బేరింగు, సీలు, గ్రీజు, అమ్మేటోళ్లే నాకు ఫ్రీగ పంపిన్రు, పైసలు మాత్రం తీస్కోలే. సైజులు, రేటు అన్నీ ఇక్కడ చదవ. ఒక్కటి చెప్త: లోపలి బేరింగు 30208. చివరి 08ని 5తోని గుణిస్తే 40, ఇరుసు మందం గన్ని మిల్లీమీటర్లు. పాత బేరింగు మీద నంబరు చెరిగిపోయినా ఇరుసు కొలిస్తే సగం పని అయినట్టే.

ఇగో, ఇదే మా ట్రాలీ. 1998ల బాపు పాత ఇనుప సామాన్ల కాడ ఇరుసు కొని ఊర్లెనే వెల్డింగు పెట్టిచ్చి కట్టిచ్చిండు. నర్సంపేట కాడి నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఎన్ని ఏండ్లు మోసిందో! నాట్లకు ముందు కుడి చక్రం ఊగుడు షురూ జేసింది. జాకీ పెట్టి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి ఊపితే టక్కు టక్కుమంటున్నది.

విప్పిన. బేరింగు కప్పు, అంటే దాని బయటి ఇనుప రింగు, హబ్బుల బిర్రుగ ఉండాలె గదా, బొటనవేలుతోని నూకితే జారి చేతిలకొచ్చింది. దాని చుట్టు ఒక రేకు ముక్క, బ్లేడు లెక్క పలచగ నలిగి ఉన్నది. ఎన్కట ఏ మెకానిక్కో లూజు పోవాలని పెట్టిండు. ఆ రేకు అరిగినంక కప్పు తిరిగింది, తిరిగి తిరిగి హబ్బునే తినేసింది.

గిక్కడనే నాకు మండింది. కిట్టు కాయితంల "కప్పును కొట్టి కూసోబెట్టండి" అని ఒక్క ముక్క రాసిన్రు. హబ్బు అరిగి ఉంటే కొత్త కప్పు కూడ నిలువదని ఎక్కడ లేదు! రైతు అది నమ్మి బిగిచ్చి, లోడుతోని రోడ్డెక్కితే చక్రం ఊడిపోతది. మనుషుల పానాల మీదికొచ్చే సంగతి ఇది. ఒక్క లైను రాయడానికి ఏమైతది?

హబ్బును వరంగల్‌ల లేత్ కాడికి పట్కపోయిన. రంధ్రాన్ని పెద్దగ కోసి, ఇనుప బుష్, అంటే గొట్టం ముక్క, దిగ్గొట్టి, కప్పు బయటి కొలత 80 మిల్లీమీటర్లు గదా, బుష్ లోపల దానికి ఇసుమంత తక్కువ కోసిచ్చిన్రు. కప్పును రాత్రంత ఫ్రిజ్‌ల ఐసు అరల పెట్టిన, చల్లబడితే ఇనుము ముడుసుకుంటది. పొద్దుగాల ఇత్తడి కడ్డీతోని నాలుగు దిక్కుల కొట్టుకుంట దించిన. దబ్ దబ్ అనుకుంట దిగుతది, అడుగు తాకంగనే ఠంగుమంటది. ఆ సప్పుడు ఇనేదాక ఆపొద్దు.

ఇగ సీలు, అంటే హబ్బు నోరు మూసే రబ్బరు రింగు. అసలు నేను ఈ వీడియో చేసుడే దీని కోసం. కెమెరా దగ్గరికి పెడుత, సూడుండ్రి. రెండు అంచులు. లోపలి దాని ఎనుక సన్న స్ప్రింగు ఉన్నది, అది గ్రీజును ఆపుతది. బయటిది బురదను, నీళ్లను ఆపుతది. రెండేండ్ల కింద నేను అగ్గువకు ఒక్క అంచు సీలు ఏసిన. దమ్ము చేసిన మడిల ట్రాలీ హబ్బు మునిగేదాక దిగవడ్డది. తర్వాత విప్పి చూస్తే గ్రీజు మజ్జిగ లెక్క తెల్లగైంది, బేరింగు మొత్తం తుప్పు. ఈసారి నారు కట్టలేసుకొని అదే మడిల దిగిన. పదిహేను రోజులకు విప్పితే గ్రీజు ఏసిన రంగుల ఏసినట్టే ఉన్నది! మస్తు సంబురమైంది నాకు.

కిట్టుల ఇచ్చిన గ్రీజు చాలది, వేరే కొనుక్కోండ్రి. నట్టు బిగిచ్చేటప్పుడు చక్రం తిప్పుకుంట బిగిచ్చి, వదులు చేసి, మళ్ల వేళ్లతోని ఆగినంతనే బిగిచ్చి పిన్ను ఏయుండ్రి. పది కిలోమీటర్లు నడిపి హబ్బు మీద చెయ్యి పెట్టుండ్రి. చెయ్యి ఆగకపోతే నట్టు బిర్రైనట్టు.

కొనమంటావా అంటే, సీలు కోసమే కొనమంట. కాని ముందు కప్పును బొటనవేలుతోని నూకి చూసుకోండ్రి. ఎడమ చక్రానికి ఇంకో కిట్టు నా పైసలతోనే తెప్పిచ్చిన, ఐతారం విప్పుత.