రెండో చరణం రాయని పాట

శ్రోతలకు నమస్కారం.

మన సినిమా పాటకి మామూలుగా ఒక పల్లవి, రెండు చరణాలు ఉంటాయి. రెండో చరణంలో బాణీ అదే, మాటలు మారతాయి. అలా మార్చకుండా మొదటి చరణాన్నే ఉన్నదున్నట్టు రెండోసారి పాడేసిన ఒక పాట గురించి ఈ పూట చెప్పుకుందాం. పాట పేరు ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’. పాడిన బ్యాండ్ పేరు ‘ది కిల్లర్స్’. పేరు విని కంగారు పడకండి, అందరూ సాధువులే! ఇంగ్లండ్‌కి చెందిన న్యూ ఆర్డర్ అనే బ్యాండ్ తీసిన ఒక వీడియోలో, లేని బ్యాండ్ ఒకదాన్ని సృష్టించి, దాని డ్రమ్ మీద ఆ పేరు రాశారు. దాన్నే వీళ్ళు పెట్టేసుకున్నారు.

వీళ్ళది అమెరికాలోని లాస్ వేగాస్. ఆ ఊరంటే మనకి జూదశాలలు, రంగురంగుల లైట్లు గుర్తొస్తాయి. కానీ ఆ లైట్ల వెనక జీతానికి పనిచేసేవాళ్ళు వేలమంది ఉంటారు. ఈ నలుగురూ అలాంటివాళ్ళే. గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ ఒక హోటల్లో అతిథుల సామాన్లు మోసేవాడు. గిటారిస్టు డేవ్ క్యూనింగ్ బట్టల షాపులో పనిచేసేవాడు. డ్రమ్మర్ రానీ వనూచి యూనివర్సిటీలో సంగీతం చదువుకుంటూ, పెళ్ళిళ్ళు చేసే చోట ఫొటోలు తీసేవాడు. బేస్ గిటార్ వాయించే మార్క్ స్టోర్మర్‌ది మెడికల్ కొరియర్ ఉద్యోగం. 2001లో క్యూనింగ్ పేపర్లో ఒక ప్రకటన ఇస్తే, దానికి ఫ్లవర్స్ స్పందించాడు. బ్యాండ్ అలా మొదలైంది. ఇద్దరూ కలిసి కట్టిన మొదటి పాట ఇదే.

క్యూనింగ్ దగ్గర ఒక చిన్న గిటార్ ముక్క రెడీగా ఉంది. ఫ్లవర్స్ దగ్గర ఒక గాయం ఉంది. ఒక రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచాడట, ఏదో జరుగుతోందని మనసు కీడు శంకించింది. ఊళ్ళో ఉన్న క్రౌన్ అండ్ యాంకర్ అనే పబ్బుకి వెళ్తే, తన గర్ల్‌ఫ్రెండ్ అక్కడ ఇంకొకడితో కనిపించింది. పాటలో మాత్రం ఆ పబ్బు లేదు, గొడవ లేదు. చూసినదానికంటే చూడనిది ఎక్కువ బాధపెడుతుంది కదా, పాటంతా దాని గురించే. ఇప్పుడు వాళ్ళేం చేస్తుంటారో ఊహించుకుంటూ కుమిలిపోతాడు. మళ్ళీ తనే, ఫరవాలేదులే, నేను బాగానే ఉన్నానని సర్దిచెప్పుకుంటాడు.

ఇక రెండో చరణం. అదెందుకు లేదని అడిగితే, రాయలేదు కాబట్టి, అన్నాడు ఫ్లవర్స్. నిజమే కావచ్చు. కానీ అసూయతో రగిలేవాడి మనసుకి కొత్త మాటలు ఎక్కడినుంచి వస్తాయి? అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. గొంతు కూడా చూడండి, చరణంలో దాదాపు ఒకే స్వరం మీద నిలబడిపోతుంది, పైకి వెళ్ళదు, కిందికి దిగదు. కింద గిటార్, డ్రమ్స్ మాత్రం పరిగెడుతూనే ఉంటాయి. బద్ధకమో తొందరో తెలియదుగానీ, పాటకి అదే ప్రాణమైంది.

ఆ రోజుల్లోనే న్యూయార్క్ బ్యాండ్ ‘ది స్ట్రోక్స్’ మొదటి ఆల్బమ్ వచ్చింది. అది విన్నాక వీళ్ళకి తమ పాటలన్నీ తేలిపోయినట్టు అనిపించాయి. అన్నిటినీ పక్కన పడేసి, దీన్నొక్కదాన్నే ఉంచుకున్నారు. కాలిఫోర్నియాలో జెఫ్ సాల్ట్జ్‌మన్ అనే నిర్మాత దగ్గర డెమో రికార్డు చేశారు. ముందు డెమో, ఆ తర్వాత పెద్ద స్టూడియోలో అసలు రికార్డింగ్, ఇదీ పద్ధతి. వీళ్ళు మాత్రం చాలావరకు ఆ డెమోనే ఆల్బమ్‌లో పెట్టేశారు. నన్నడిగితే మంచిపని చేశారు. అదే ఆల్బమ్‌లో కొన్ని పాటలకి ముస్తాబు కాస్త ఎక్కువైందని నాకు అనిపిస్తుంది.

వీళ్ళని ముందుగా గుర్తించింది సొంత దేశం కాదు. లండన్‌లోని లిజార్డ్ కింగ్ అనే చిన్న రికార్డు సంస్థ ఒప్పందం రాసుకుంది. 2003లో బీబీసీ రేడియో 1లో జేన్ లో అనే వ్యాఖ్యాత ఈ పాట వినిపించాడు. మా రేడియోవాళ్ళకి ఇది చెప్పుకోవడం ఇష్టమే! ఆ సెప్టెంబరులో సింగిల్‌గా, అంటే విడి పాటగా, కొద్ది కాపీలే వచ్చాయి, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2004లో ‘హాట్ ఫస్’ అనే తొలి ఆల్బమ్‌కి ముందు మళ్ళీ విడుదల చేస్తే బ్రిటన్ పాటల పట్టికలో 10వ స్థానం. మరుసటి ఏడాది అమెరికాలోనూ 10వ స్థానమే. ఒకటో స్థానం రెండుచోట్లా రాలేదు. అయితే బ్రిటన్ టాప్ 100లో ఇప్పటికి 400 వారాలకు పైగా ఉంది. ఒకటో స్థానం దక్కని పాటల్లో అక్కడ అన్నిటికంటే పెద్ద హిట్టు ఇదేనని 2024లో తేల్చారు.

విచిత్రమేమిటంటే, మోసపోయినవాడి ఈ ఏడుపుని ఇంగ్లండ్‌లో పెళ్ళి విందుల్లో గెంతుతూ పాడతారు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలోనైతే లక్షమంది ఒక్క గొంతుతో అందుకుంటారు.

పాట నిడివి 3 నిమిషాల 42 సెకన్లు. ఇప్పుడు వినిపిస్తాం, సౌండ్ కాస్త పెంచుకోండి.