అతిథులకే చదివింపులు

శ్రోతలకు నమస్కారం.

ఆదివాసుల ఆచారాలు అనగానే మన పత్రికల్లో ఒక మాట సిద్ధంగా ఉంటుంది: వింత. వింత పెళ్లి, వింత జాతర, వింత మొక్కు. ఈ పూట నేను చెప్పబోయేది పోట్లాచ్ అనే కానుకల పంపకం. ఆ ఆచారాన్ని నూట నలభై ఏళ్ల కిందట ఒక ప్రభుత్వం వింత అని ఊరుకోలేదు. నేరం అంది.

ఆ చోటు కెనడా పడమటి తీరం. ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క అడవి. విపరీతమైన వానలు. ఆకాశాన్నంటే సెడార్ చెట్లు, ఏళ్లలో ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలు. నాగలి పట్టకుండానే కడుపు నిండే నేల అది. హైడా, సిమ్షియన్, క్వాక్వకవాక్వ లాంటి జాతులు అక్కడివే. చివరి పేరు పలకడానికి మన నాలుక కాస్త తడబడుతుంది గానీ, నేను చెప్పేది ముఖ్యంగా వాళ్ల గురించే. ఎండాకాలమంతా చేపలు పట్టి ఎండబెట్టుకుంటారు. చలికాలం పోట్లాచ్‌ల కాలం.

ఇంట్లో పెళ్లయినా, పెద్దాయన పోయినా, కొడుక్కి తాతగారి పేరూ హోదా ఇవ్వాలన్నా పోట్లాచ్ జరగాలి. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలను పడవల మీద పిలిపిస్తారు. విందు, ఆటపాట, ఆ తర్వాత పంపకం. మన పెళ్లిళ్లలో మైకు ముందు కూర్చున్నాయన ‘ఫలానా వారి చదివింపులు నూట పదహార్లు’ అని చదువుతాడు, పక్కనున్నాయన పుస్తకంలో రాసుకుంటాడు. అక్కడా పేరుపేరునా పిలిచే ఇస్తారు, అందరికీ వినబడేలా. కాకపోతే అక్కడ ఇచ్చేది ఇంటాయన, పుచ్చుకునేది వచ్చినవాళ్లు. కంబళ్లు, పడవలు, చెక్క పెట్టెలు, చేపనూనె. ఎవరికి ముందు, ఎవరికి ఎంత అన్నది వాళ్ల వాళ్ల అంతస్తును బట్టి. వరస తప్పితే మాటపట్టింపు తప్పదు.

ఆ చేపనూనె సంగతి చెప్పాలి. యూలకాన్ అని సుమారు జానెడంత చేప. ఎండబెట్టి వెలిగిస్తే కొవ్వొత్తిలా మండేంత కొవ్వు దానికి. ఆ నూనె అక్కడ మన నెయ్యితో సమానం. విందులో ఇంటాయన దాన్ని నడిమింట్లో మండే నిప్పుల్లో గరిటెలతో పోయిస్తాడు. మంట కప్పును తాకబోతుంది. దగ్గరగా కూర్చున్న అతిథుల కాళ్లు కాలుతుంటాయి. అయినా వెనక్కి జరగకూడదు, జరిగితే ఓడిపోయినట్టే. ఇందులో గొప్పలు పోవడం లేదని నేననను, నిండా ఉంది.

గొప్పల వెనక ఒక లెక్క కూడా ఉంది. అప్పట్లో వాళ్లకు రాతకోతలు లేవు. ఈ ఏటి మలుపులో చేపలు పట్టే హక్కు ఎవరిది, ఈ ముసుగు కట్టి ఆడే హక్కు ఎవరిది, ఈ పేరుకు వారసుడెవరు? ఇవన్నీ నలుగురి ముందు చెప్పి, ఆ నలుగురికీ కానుకలిస్తారు. కానుక పుచ్చుకున్నవాడు సాక్షి. రేపు తగవొస్తే ‘ఆ రోజు నేనున్నాను’ అని చెప్పాల్సినవాడు. అంటే ఆ దుప్పట్లూ నూనె డబ్బాలూ ఉత్త దుబారా కాదు, రిజిస్ట్రేషన్ ఖర్చు అనుకోవాలి.

పాదిరీలకు, ప్రభుత్వ ఏజెంట్లకు ఇదంతా తగలేయడంగానే కనిపించింది. కష్టపడి సంపాదించుకుని దాచుకోనివాడు ఎప్పుడు నాగరికుడవుతాడు అని వాళ్ల బాధ. 1884లో చట్టం చేశారు, మరుసటి ఏడు అమల్లోకి వచ్చింది. పోట్లాచ్ చేస్తే రెండు నుంచి ఆరు నెలలు జైలు. జనం మానలేదు. క్రిస్మస్ కానుకలన్న పేరుతో పంచారు, పోలీసు పడవ రాలేని తుపాను రోజులు చూసుకుని మారుమూల దీవులకు పోయారు.

1921 డిసెంబరులో విలేజ్ ఐలండ్ అనే దీవిలో డాన్ క్రాన్మర్ అనే పెద్ద చేసిన పోట్లాచ్ అలాంటిదే. అప్పటికి కాలం మారింది. కుట్టుమిషన్లు, గ్రామఫోన్లు, మోటారు పడవలు, పిండి బస్తాలు కూడా పంచారు. కబురు ఏజెంటుకు చేరింది. నలభై అయిదు మంది మీద కేసు పెట్టారు. నేరాలేమిటంటే నాట్యం చేయడం, ఉపన్యాసం ఇవ్వడం, కానుకలు సర్దడం, మోసుకెళ్లి అందించడం! మీ ముసుగులూ, రాగి ఫలకాలూ, ఆటలో మోగించే గిలక్కాయలూ అప్పగిస్తే జైలు తప్పుతుందన్నారు. సుమారు ఇరవై మంది ఆడా మగా జైలుకు పోయారు. పోగైన సామానును అలర్ట్ బే అనే ఊళ్లో చర్చి హాల్లో పరిచి, ఏజెంటు టికెట్టు పెట్టి చూపించాడు. కొన్నింటిని న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక సంపన్న సేకర్తకు అమ్మాడు, మిగతావి దూరాన ఉన్న మ్యూజియాలకు వెళ్లాయి.

ఆ సామానులో రూపం మార్చే ముసుగుల్లాంటి వాటిని మన తోలుబొమ్మలవాళ్లు చూస్తే మెచ్చుకుంటారు. చూడ్డానికి పెద్ద ముక్కున్న పక్షి తల. ఆడేవాడు లోపలి తాళ్లు లాగగానే ముక్కు రెండుగా చీలి పక్కలకు విచ్చుకుంటుంది, లోపల మనిషి ముఖం కనబడుతుంది. నిప్పు వెలుగులో ఆడుతున్నప్పుడు తప్ప దాని అందం తెలియదు. గాజు పెట్టెలో అది ఒట్టి చెక్క.

1951లో చట్టాన్ని సవరించినప్పుడు నిషేధాన్ని వదిలేశారు. రద్దు చేస్తున్నామని గట్టిగా చెప్పనైనా లేదు. 1953లో శిల్పి మంగో మార్టిన్ విక్టోరియా నగరంలో బాహాటంగా పోట్లాచ్ చేశాడు. ఇక ముసుగుల కోసం పోరాటం మొదలైంది. మీరూ మ్యూజియం కట్టుకుంటేనే ఇస్తామన్నారు మ్యూజియాలవాళ్లు. కట్టుకున్నారు, రెండు చోట్ల. అలర్ట్ బేలోది 1980లో తెరిచారు. దాన్ని నడిపించిన గ్లోరియా క్రాన్మర్ వెబ్‌స్టర్, జైళ్ల దాకా వెళ్లిన ఆ పోట్లాచ్ చేసిన డాన్ క్రాన్మర్ కూతురు. తిరిగొచ్చిన ముసుగులను అక్కడ గాజు వెనక పెట్టలేదు. ఒకసారి బంధించింది చాలన్నారు.

వెతుకులాట ఇంకా ఆగలేదు. పారిస్‌లో రచయిత ఆంద్రే బ్రెటన్ దగ్గరున్న ఒక శిరోభూషణాన్ని 2003లో ఆయన కూతురు వెనక్కిచ్చింది. లండన్ బ్రిటిష్ మ్యూజియం కూడా ఒక ముసుగును 2005లో పంపింది, దీర్ఘకాలపు అరువు మీద. పోట్లాచ్‌లు మాత్రం ఇప్పుడు జోరుగానే జరుగుతున్నాయి. కంబళ్లతో పాటు తువ్వాళ్లు, గిన్నెలు, ప్లాస్టిక్ బుట్టలు, నోట్లు పంచుతున్నారు. పుచ్చుకున్నవాళ్లు ఇప్పటికీ సాక్షులే.