ముప్పై వేలలో లఘుచిత్రం: కెమెరాకు ఎంత, లైట్లకు ఎంత?

(స్టూడియో చర్చకు లిఖిత రూపం. పాల్గొన్నవారు: ఒక ఛాయాగ్రాహకురాలు, ఒక లఘుచిత్ర దర్శకుడు, హైదరాబాద్ కృష్ణానగర్‌కు చెందిన ఒక సీనియర్ లైట్‌మన్.)

సమన్వయకర్త: నమస్కారం. ఈ కార్యక్రమానికి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటే: "ఏ కెమెరా కొనమంటారు?" ఆ ప్రశ్నను ఈ రోజు కాస్త బిగిద్దాం. చేతిలో ముప్పై వేలు ఉన్నాయి. నటులు స్నేహితులే, భోజనం ఇంటి నుంచే వస్తుంది. పది నిమిషాల కథ. ఒక ఇల్లు, ఒక వీధి, ఒక రాత్రి సన్నివేశం. డబ్బు దేనికి ఎంత పెట్టాలి? ముందు దర్శకుడిగారు చెప్పండి.

దర్శకుడు: కెమెరాకు ఒక్క రూపాయి కూడా పెట్టను. ఫోను ఉంది కదా! 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపించిన 'టాంజరీన్' ఐఫోన్ 5ఎస్‌తో తీసిన సినిమా. ఈ రోజు మన కుర్రాళ్ల జేబుల్లో ఉన్నవి దానికంటే ఎంతో మెరుగైన ఫోన్లు.

ఛాయాగ్రాహకురాలు: ఈ ఉదాహరణ ఎవరు చెప్పినా సగమే చెబుతారు. వాళ్లు ఆ ఫోనుకు బొమ్మను వెడల్పుగా పట్టే అనమార్ఫిక్ అడాప్టర్ తగిలించారు, కదలకుండా పట్టుకునే పరికరం వాడారు, ఎక్స్‌పోజరు (వెలుగు ఎంత పడాలన్నది), ఫోకస్ తమ చేతిలో ఉంచుకునే యాప్ వాడారు. పైగా ఆ కథ చాలావరకు లాస్ ఏంజెలెస్ ఎండలో నడుస్తుంది. మన వాళ్ల కథ ఎక్కడ నడుస్తుంది? ట్యూబ్‌లైట్ వెలిగే హాల్లో, రాత్రి తొమ్మిదింటికి.

దర్శకుడు: మన దగ్గరి ఉదాహరణే తీసుకోండి. రామ్‌గోపాల్ వర్మగారు 2011లో 'దొంగల ముఠా'ను కానన్ 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో తీశారు. అప్పటివరకు పెళ్లి ఫొటోలకే అనుకున్న కెమెరా ఒక్కసారిగా సినిమా కెమెరా అయిపోయింది.

ఛాయాగ్రాహకురాలు: అది నిజం. 5డి మార్క్ 2 వచ్చింది 2008లో. మొదట్లో సెకనుకు 30 ఫ్రేములే తీసేది. 24, 25 ఫ్రేములు 2010లో సాఫ్ట్‌వేర్ మార్పుతో వచ్చాయి. దాని పెద్ద సెన్సారు వల్ల ముఖం వెనకున్న గోడ మసకబారింది, చూసేవాళ్లకు అదే 'సినిమా లుక్' అయి కూర్చుంది. అక్కడి నుంచే ఒక జబ్బు కూడా పట్టుకుంది. 1.8 లెన్సు, అంటే అపర్చర్ (వెలుగు దూరే రంధ్రం) బాగా తెరుచుకునే లెన్సు కొనడం, ప్రతి షాటూ 1.8 దగ్గరే తీయడం. నటుడు రెండంగుళాలు ముందుకు వంగితే కళ్లు ఫోకస్‌లో ఉండవు, చెవులు ఉంటాయి.

లైట్‌మన్: ఆ ఇంట్లో ఏముందో కూడా కనపడదు మేడమ్. పేదవాడి ఇల్లు అంటారు, వెనకాల అంతా మసకే. ఎవరి ఇల్లయినా ఒకటే.

సమన్వయకర్త: మీరు ఇంతసేపూ నవ్వుతూ వింటున్నారు. ముప్పై వేలు మీ చేతికిస్తే?

లైట్‌మన్: ముందు ఇల్లు చూపించమంటాను. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, గోడలకు ఏ రంగు వేశారు, ఎండ ఎన్ని గంటలకు లోపలికి వస్తుంది. మన ఇళ్లలో లేత ఆకుపచ్చ గోడలు ఎక్కువ. అక్కడ లైటు వేస్తే గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు కూడా ఆకుపచ్చగానే వస్తుంది. హీరోయిన్ చెంప ఆకుపచ్చగా కనపడితే కెమెరాను తిడతారు. తప్పు గోడది. ఆ గోడకు ఓ తెల్ల దుప్పటి కడితే పోయేది.

ఛాయాగ్రాహకురాలు: ఈయన చెప్పింది రాసిపెట్టుకోవాల్సిన మాట. నేనైతే కెమెరాను అద్దెకు తెస్తాను, అదీ రెండు రోజులకే. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ చుట్టుపక్కల ఏ మిర్రర్‌లెస్ కెమెరా కావాలన్నా దొరుకుతుంది. కొనడం మాత్రం వద్దు. మొదటి సినిమాకు కొన్న కెమెరా రెండో సినిమా నాటికి బీరువాలో ఉంటుంది.

దర్శకుడు: అద్దె కెమెరాతో ఇబ్బంది ఒకటుంది. గడియారం తరుముతూ ఉంటుంది. కొత్తవాడికి పది టేకులు కావాలి. ఫోనైతే ఈ ఆదివారం కుదరకపోతే వచ్చే ఆదివారం తీసుకుంటాడు.

ఛాయాగ్రాహకురాలు: ఆ వాదన ఒప్పుకుంటాను. అయితే ఫోనుతో తీసేవాళ్లు మూడు పనులు చేయాలి. మొదటిది, ప్రధాన లెన్సు తప్ప మిగతావి ముట్టుకోవద్దు. వెడల్పుగా చూపించే లెన్సు వెనక సాధారణంగా చిన్న సెన్సారు ఉంటుంది. చీకట్లో బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. రెండోది, ఆటోమేటిక్ వద్దు. మనిషి తెల్ల చొక్కాతో ఫ్రేములోకి వస్తే చాలు, ఫోను బెదిరిపోయి ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల ఉచిత యాప్ ఐఫోన్‌కు 2023లో, ఆండ్రాయిడ్‌కు 2024లో వచ్చింది. మీ ఫోనుకు అది పనిచేస్తే షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం), ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సర్దుబాటు) అన్నీ బిగించి పెట్టుకోవచ్చు.

సమన్వయకర్త: మూడోది?

ఛాయాగ్రాహకురాలు: సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్, అంటే సెకనులో యాభయ్యో వంతు. ఇది ఫోనుకే కాదు, ఏ కెమెరాకైనా. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబ్‌లైట్ సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. షట్టర్ 1/50 పెడితే ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు మినుకులు, 1/100 పెడితే ఒకటి. అమెరికా లెక్కలో 30 ఫ్రేములు, 1/60 పెట్టారనుకోండి, ఫ్రేముకు ఒకటీ మూడింట రెండు వంతుల మినుకు పడుతుంది. తెర మీద నల్ల పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. అక్కడి వీడియోలు చూసి సెట్టింగులు దించుకునే వాళ్లందరూ ఇక్కడే బోల్తా పడతారు.

లైట్‌మన్: చవక ఎల్ఈడీ బల్బులూ అంతే. కంటికి బాగానే ఉంటుంది, కెమెరాలో కొట్టుకుంటుంది. బల్బు కొనేముందు ఫోను కెమెరాలో చూడండి, పట్టీలు కనపడితే షాపులోనే వదిలేయండి.

సమన్వయకర్త: సరే, లైట్ల సంగతికే వద్దాం. త్రీ పాయింట్ లైటింగ్ అని నేర్పుతారు కదా? కీ అంటే ప్రధాన లైటు, ఫిల్ అంటే నీడలు నింపేది, బ్యాక్ అంటే వెనక నుంచి పడేది...

లైట్‌మన్: అది వార్తలు చదివేవాళ్లకు బాగుంటుంది సార్. వంటింట్లో అమ్మ కూరగాయలు తరుగుతుంటే వెనక నుంచి ఆమె జుట్టు మీద లైటు ఎవరు వేస్తారు? ఒకే లైటు తీసుకోండి. కిటికీ ఎటుందో అటే పెట్టండి. రెండో వైపు ఓ థర్మోకోల్ షీటు. నీడ ఇంకా కావాలంటే థర్మోకోల్ తీసేసి నల్లగుడ్డ కట్టండి.

ఛాయాగ్రాహకురాలు: ఆ ఒక్క లైటుతో ఎంత చేయొచ్చో ఓ లెక్క చెబుతాను. లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. కుర్రవాళ్లు నటుణ్ని గోడకు ఆనించి నిలబెడతారు, లైటు పదడుగుల దూరంలో పెడతారు. ముఖమూ గోడా ఒకే వెలుగులో ఉంటాయి, గోడ మీద పెద్ద నీడ పడుతుంది. నటుణ్ని గోడ నుంచి ఆరడుగులు ముందుకు జరపండి. లైటును ముఖానికి మూడడుగుల దగ్గరకు తెండి. ఇప్పుడు లైటు నుంచి గోడ తొమ్మిదడుగులు. ముఖానికి అందే దాంట్లో తొమ్మిదో వంతే గోడకు చేరుతుంది. అదే తెల్ల గోడ, తెర మీద ముదురు బూడిద రంగులో కనిపిస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు, లైటు జరిపే ఓపిక చాలు.

దర్శకుడు: ఇరుకు గదిలో ఆరడుగులు ఎక్కడివండీ?

ఛాయాగ్రాహకురాలు: మంచం బయట వేయించండి. సినిమా తీస్తున్నది మీరు కదా!

సమన్వయకర్త: మన దగ్గర వెలుగు గురించి మాట్లాడితే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీని తలవకుండా ఉండలేం. 1957లో 'మాయాబజార్'లో ఆయన పరిచిన వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఛాయాగ్రాహకురాలు: ఆ వెన్నెల వెనక బార్ట్‌లీ కన్నుతో పాటు ఒక పెద్ద స్టూడియో బలగం కూడా ఉంది. మన ముప్పై వేల కుర్రాడికి పనికొచ్చే మనిషి సత్యజిత్ రాయ్ ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర. 'పథేర్ పాంచాలీ'కి ముందు ఆయన సినిమా కెమెరా నడిపిన వాడే కాదు. 1956లో 'అపరాజితో'కి కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. నిజమైన ముంగిట్లోకి వెలుగు ఆకాశం నుంచి దిగుతుంది, నీడలు పడీ పడనట్టుంటాయి. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే ఆ మెత్తదనం రాదు. అందుకని సెట్ పైన తెల్లగుడ్డ పరిపించి, కింది నుంచి లైట్లు దాని మీదకు కొట్టి, తిరిగి రాలే వెలుగులో తీశారు. ఈ రోజు మనం థర్మోకోల్‌తో చేసేదీ అదే పని.

లైట్‌మన్: గుడ్డంటే గుర్తొచ్చింది. పెళ్లి వీడియోల వాళ్లు వాడిన వెయ్యి వాట్ల హాలోజన్లు పాతవి చవకగా దొరుకుతాయి. రంగు బాగా చూపిస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ దాని ముందు పంచె గానీ చున్నీ గానీ కట్టారంటే కాలుతుంది. థర్మోకోల్ దగ్గర పెడితే కరిగి కూర్చుంటుంది. ఇంకోటి, వెయ్యి వాట్లంటే మన 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. బెడ్‌రూములో ఫ్యాను, ట్యూబ్‌లైట్ ఉండే చిన్న ప్లగ్గులో అలాంటివి రెండు గుచ్చితే ఇంటి ఓనరు మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వడు. ఫ్రిజ్జుకో గీజరుకో వేసిన 15 ఆంపియర్ల ప్లగ్గు వెతుక్కోవాలి.

ఛాయాగ్రాహకురాలు: అందుకే అరవై వాట్లో నూరు వాట్లో ఉన్న ఎల్ఈడీ ఒకటి, వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ దానికొకటి తీసుకోమంటాను. పెట్టె మీద సీఆర్ఐ, అంటే రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 95 పైన ఉందో లేదో చూడండి. ఇంట్లో వాడే మామూలు బల్బు 80 దగ్గర ఆగిపోతుంది. ఎరుపును సరిగ్గా చూపించదు. మన చర్మంలో బతికేదే ఆ ఎరుపు, అది పోతే మనిషి జ్వరం నుంచి లేచినట్టు ఉంటాడు. నేను కొనమనే వస్తువు ఏదైనా ఉందంటే ఈ లైటే. కెమెరాలు మారిపోతాయి, లైటు పదేళ్లు పనిచేస్తుంది.

దర్శకుడు: ఆరుబయట అయితే లైట్లే అక్కర్లేదు కదా?

ఛాయాగ్రాహకురాలు: ఆరుబయట ఉండే కష్టం ఎక్కువ వెలుగు. నడి మధ్యాహ్నం ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 పెడితే అపర్చర్ 22కు, అంటే రంధ్రాన్ని బాగా చిన్నది చేసే దాకా వెళ్లాలి. మీకు కావాల్సింది 2.8. మధ్యలో ఆరు స్టాపుల తేడా, ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపో సగమో అవుతుంది. అంటే 64వ వంతు వెలుగునే లోపలికి వదిలే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. అది లేక షట్టర్ పెంచేస్తారు, అప్పుడు నడిచే మనిషి కీలుబొమ్మలా కదులుతాడు. అద్దెకు తెచ్చేటప్పుడు లెన్సు గుర్తుంటుంది, ఫిల్టర్ మాత్రం ఎవరికీ గుర్తుండదు.

లైట్‌మన్: మధ్యాహ్నం పన్నెండింటికి అసలు తీయకండి బాబూ. కళ్ల కింద గుంటలు పడతాయి. ఆ టైములో భోజనం పెట్టేయండి. తప్పదంటే నటుడి నెత్తి మీద స్కిమ్మర్, అంటే ఎండను మెత్తబరిచే గుడ్డ కట్టాలి. గాలికి అది లేస్తే నలుగురు పట్టుకోవాలి.

సమన్వయకర్త: రాత్రి సన్నివేశం మిగిలిపోయింది. వీధిలో రాత్రి, డబ్బు లేదు. ఎలా?

ఛాయాగ్రాహకురాలు: అంతా రాత్రే తీయకూడదు. పొద్దుగూకాక ఇరవై నిమిషాలపాటు ఆకాశం నీలంగా ఉంటుంది, ఇళ్లలో దీపాలు అప్పటికే వెలిగి ఉంటాయి. వీధి మొత్తం కనిపించే షాట్లు ఆ కాస్త సమయంలో తీసేయండి. అందుకోసం మధ్యాహ్నమే రిహార్సల్స్ అయిపోవాలి. చీకటి పడ్డాక క్లోజప్పులు తీసుకోండి, వాటికి ఒక్క లైటు చాలు. ఎడిటింగులో రెండూ కలిస్తే అంతా ఒకే రాత్రి అవుతుంది.

దర్శకుడు: ఐఎస్ఓ పెంచేస్తే పోదా? ఇప్పటి కెమెరాలు చీకట్లో కూడా చూస్తాయి.

ఛాయాగ్రాహకురాలు: చూస్తాయి. చూపించడం వేరు. వీధి దీపం నెత్తి మీద నుంచి పడుతుంటే ఐఎస్ఓ ఎంత పెంచినా కళ్లు గుంటల్లోనే ఉంటాయి.

సమన్వయకర్త: చివరగా, వరంగల్ నుంచి ఒక విద్యార్థి పంపిన ప్రశ్న. "లాగ్‌లో తీస్తే కలర్ గ్రేడింగ్ బాగా వస్తుందంటున్నారు. మా కెమెరా 8 బిట్. తీయమంటారా?"

ఛాయాగ్రాహకురాలు: వద్దు. లాగ్ అంటే రంగును, వెలుగునీడల తేడాను తగ్గించి రికార్డు చేసే పద్ధతి. ఆ బొమ్మ చప్పగా వస్తుంది, గ్రేడింగులో దానికి రంగు ఎక్కించాలంటే సాగదీయాలి. 8 బిట్‌లో రంగు ఛాయలు తక్కువ, సాగదీస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. మామూలు ప్రొఫైల్ పెట్టుకోండి, ముఖం వెలుగు సరిగ్గా చూసుకోండి. హార్డ్ డిస్కు సంగతి కూడా చూసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల 4కె ఫుటేజీ గంటకు 45 జీబీ అవుతుంది. దాన్ని రెండు చోట్ల దాచాలి.

దర్శకుడు: సౌండు మాటే ఎవరూ ఎత్తలేదు. నా ముప్పై వేలలో మొదటి అయిదు వేలు కాలర్ మైకుకే.

లైట్‌మన్: పెట్టండి బాబూ. మా లైటులో ఫ్యాను తిరుగుతుంటుంది, దాని రొద మీ మైకులోకి వస్తుంది. ముందే చెబుతున్నాను, మళ్లీ ఎడిటింగులో కూర్చుని నన్ను తిట్టకండి.