ఇసుకలో గీసిన వాయిద్యం

శ్రోతలకు నమస్కారం.

'చిక్కుళ్లలో ఉప్పు లేదు.' అమెరికాలోని లూసియానాలో, ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి క్రియోల్ జనం పాటల్లో తరచు వినబడే మాట ఇది. కూరలో ఉప్పుమాంసం ముక్క వేసుకునే స్తోమత కూడా లేదని దాని భావం. అక్కడి ఫ్రెంచిలో చిక్కుళ్లను 'లెజారికో' అంటారు. ఆ మాటే నోళ్లలో నలిగి నలిగి 'జైడెకో' అయి, వాళ్ల సంగీతానికి పేరైందట. లేమిని చెప్పే పాట, వింటే మాత్రం కాళ్లు నిలవవు!

ఆ జైడెకోకు రాజు క్లిఫ్టన్ షెనియర్. 1925లో ఓపెలూసస్ ప్రాంతంలో పుట్టారు. ఆయన వాయిద్యం అకార్డియన్. మన హార్మోనియంకు దగ్గరి చుట్టమే. అవే రీడ్లు, అదే గాలితిత్తి. కాకపోతే దీన్ని భుజాలకు తగిలించుకుంటారు. (హార్మోనియంను 1940 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు ఆకాశవాణి గుమ్మం దాటనివ్వలేదు. ఆ బంధువు గురించి ఇప్పుడు రేడియోలోనే మాట్లాడుతున్నాను!) చిన్న బొత్తాల అకార్డియన్‌లో, అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతపు స్వరాలన్నీ పలకవు. అందుకే షెనియర్ పియానో మెట్లున్న పెద్దదాన్ని ఎంచుకున్నారు.

కానీ నాకు ఇష్టమైన కథ అకార్డియన్‌ది కాదు, రేకుది. అప్పట్లో తాళం కోసం బట్టలు రుద్దే గరుకు పలకను తాడుతో మెడకు వేలాడదీసుకునేవారు. అది ఊగేది, జారేది. 1946లో టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో, చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేసే విల్లీ లాండ్రీ అనే లోహపు పనివాడి దగ్గరికి వెళ్లారు షెనియర్. కాగితం లేదు, కొలతలు లేవు. నేల మీద ఇసుకలో బొమ్మ గీశారు. భుజాల మీద నిలిచే రెండు వంపులు, ఛాతీ నిండా ముడతల రేకు. ఇలా చేయగలవా అని అడిగారు. లాండ్రీ చేసి ఇచ్చాడు. చొక్కాలా తొడుక్కునే వాయిద్యం! అన్న క్లీవ్‌లండ్ దాన్ని తొడుక్కుని, రెండు చేతుల్లో సీసా మూతలు తీసే ఓపెనర్లు పట్టుకుని గీకేవారు. ఇసుకలో గీసిన ఆ బొమ్మే ఇవాళ జైడెకో బృందాల ఛాతీ మీద మెరుస్తోంది.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 1984లో గ్రామీ, అదే ఏడు అమెరికాలో జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్. నెత్తిన కిరీటం మాత్రం ఆయన ఎప్పుడో పెట్టుకున్నారు, వేదిక మీద, నిజంగానే. మధుమేహం పాదంలో కొంత భాగాన్ని తీసుకుపోయింది, డయాలసిస్ తప్పలేదు, అయినా వాయించారు. 1987 డిసెంబరులో కన్నుమూశారు. గ్రామీ జీవన సాఫల్య పురస్కారం 2014లో వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

షెనియర్ పాట దొరికితే రెండుసార్లు వినండి. మొదటిసారి అకార్డియన్‌ను వినండి. రెండోసారి దాన్ని వదిలేసి, కిందుగా వచ్చే గరగరను పట్టుకోండి. అది అన్నగారిది.