మేకు లేకుండా కుట్టిన కయాక్: మా పార్కింగ్‌లో పడవ పని

నమస్కారం అండీ. నా వెనక స్టాండ్ల మీద బోర్లించి ఉంది చూడండి, 17 అడుగుల చెక్క కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ. విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లోనే తయారవుతోంది. "కిట్ కొన్నాక ఇంకేముంది, బిగించేయడమేగా?" అని గత వీడియో చూసి చాలామంది అడిగారు. దీన్ని బిగించరండీ, కుడతారు.

దగ్గరికి రండి. ఈ అంచు వెంట బెత్తెడు దూరానికో చుక్క కనిపిస్తోందా? అవన్నీ రాగి తీగ దూర్చిన రంధ్రాలు. కిట్‌లో వచ్చేవి 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలకలు, యంత్రంతో కోసినవి. నేల మీద పరిస్తే చదును చెక్కలే. రెండు అంచులు కలిపి తీగ మెలిపెడుతూ పోతుంటే, పలకలు వాటంతట అవే వంగి పైకి లేచి పడవ ఆకారం వచ్చేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే.

1963లో ఇంగ్లండ్‌లో వచ్చిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవతో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. కానీ పలకలు కుట్టడం మన తీరానికి కొత్తేం కాదు. మసూలా పడవలు కొబ్బరి తాడుతో కుట్టినవే. కెరటం కొట్టినప్పుడు కాస్త వంగి తట్టుకుంటాయి. మన జాలర్ల పెద్దలకి తెలిసిన విద్య ఇది. తేడా ఏంటంటే, ఇక్కడ తీగ తాత్కాలికం. లోపలి మూలల్లో మెత్తటి చెక్కపొడి కలిపిన ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పూసి, అది గట్టిపడ్డాక తీగలు తీసేస్తాం.

ఎపాక్సీతోనే అసలు టెన్షన్. మొదటిరోజు మధ్యాహ్నం గ్లాసు నిండా కలిపాను. కాసేపటికే గ్లాసు చేతిలో కాలి, పొగ వచ్చి, రాయిలా అయిపోయింది. ఆ రెండు ద్రవాలూ కలిసినప్పుడు వేడి పుడుతుంది, లోతు గ్లాసులో ఆ వేడి బయటికి పోదు. ఇప్పుడు కొంచెం కొంచెం కలిపి వెంటనే పళ్లెంలో పోస్తున్నా. హార్డెనర్ కూడా నెమ్మదిగా గట్టిపడే రకమే తీసుకోండి. ఉత్త చెక్క మీద మొదటి పూత మాత్రం సాయంత్రమే వేయండి. పొద్దున వేస్తే, ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి పూతలో బుడగలు లేస్తాయి.

ఇక మన ఉక్కపోత. తెల్లారి పూత మీద వేలు పెడితే మైనంలా జిడ్డు తగలొచ్చు. గాలిలో తేమ ఉంటే చాలా ఎపాక్సీలకి ఆ పొర వస్తుంది. దాని మీదే సాండ్ పేపర్ పెట్టారో, జిడ్డు గీతల్లోకి దిగి తర్వాతి పూత అంటుకోదు. ముందు నీళ్లతో, స్క్రబ్బర్‌తో రుద్ది కడగండి. దయచేసి ఈ మెట్టు దాటేయొద్దు. గ్లవ్స్ కూడా తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి చర్మానికి పడకుండా పోతే, ఇక ఎప్పుడు తగిలినా దద్దుర్లే.

చివర్లో వార్నిష్. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి అది ఉండాల్సిందే. నీళ్లలో దించేది రుషికొండ కెరటాల్లో కాదు, భీమిలి దగ్గర గోస్తని నీటిలో, నది సముద్రంలో కలిసే మొగకి దూరంగా, లైఫ్ జాకెట్ వేసుకుని.

ఇప్పుడు సాయంత్రం ఐదున్నర, ఎండ తగ్గింది. పడవ అడుగు మీద గ్లాస్ క్లాత్, అంటే గాజు పోగుల బట్ట పరిచాను, తెల్లటి పంచెలా ఉంది కదా. ఇదిగో, ఎపాక్సీ పోస్తున్నా... తెలుపు పోయింది చూడండి, కింద చెక్క చార ఎలా తేలిందో.